బడి జాగలో భూమేశ్ ఇల్లు

పొద్దున ఏడింటికి నర్సింలు సున్నం బకెట్‌తో వచ్చి భూమేశ్ కొత్త ఇంటికి వెల్ల వేస్తాడు. సాయంత్రానికి గోడలు బడిలో బోర్డుల్లా నల్లబడతాయి. మర్నాడు మళ్లీ వేస్తాడు. అలా తొమ్మిది రోజులైంది.

"ఇంకో సంచి సున్నం కావాలె అన్నా," అన్నాడు నర్సింలు బీడీ ముట్టించుకుంటూ. భూమేశ్ సంచి తెప్పించాడు.

ఆ ఇల్లున్నది బాన్సువాడ చివర్న, మొన్నటిదాకా చెరకు పండిన భూమిలో. ప్లాట్లు చేసిన కొత్తలో అక్కడ ఇరవై ఇళ్లు. 2004 నాటికి రెండు వందలు దాటాయి. బడి మాత్రం అదే కిరాయి గది. రోజారాణి టీచరు మూడు తరగతుల్ని గదిలో, రెండు తరగతుల్ని పక్కింటి బర్రెల కొట్టంలో కూర్చోబెట్టేది. బర్రెలకు ఎక్కాలు వచ్చేశాయని ఊళ్లో ఎగతాళి.

ప్లాట్లు చేసేటప్పుడు బడికని కొంత జాగ వదిలారు. గదులు మేం కట్టిస్తాం, ఊరి వాటా మీరు తెండి అంది సర్కారు. ఇళ్ల పర్మిషన్ల మీద వచ్చిందంతా ఆ ఇళ్ల మోరీలకు, వీధిదీపాలకే సరిపోయింది. మా వైపు ఏ చిక్కొచ్చినా ఊరి అభివృద్ధి కమిటీ వేలంపాట పెడుతుంది. చెరువు చేపలైనా, చింతకాయలైనా. ఈసారి కమిటీ పెద్ద దేవిదాస్, వాటా కోసం బడి జాగనే వేలం పెట్టించాడు. ఎనిమిదేళ్లు దుబాయిలో సిమెంటు మోసి, ఇక పోయేది లేదని తిరిగొచ్చిన భూమేశ్ పాడుకున్నాడు. ఇల్లు లేచాక గానీ కమిటీకి తట్టలేదు, గదులు కట్టడానికి జాగ లేదని. వాళ్ల తెలివి అలా తెల్లారింది.

పదో రోజు పెద్ద వాన. కొట్టం కురుస్తుంటే టీచరు పిల్లల్ని భూమేశ్ ఇంట్లోకి తెచ్చింది. "తగ్గేదాక కూసుంటరు అన్నా," అంది. నల్లగోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి కూడికలు రాసింది. భూమేశ్ బిడ్డ సౌజన్య ముందు వరసలో కూర్చుంది. వాన తగ్గినా పిల్లలు లేవలేదు. మర్నాడు వాన లేకుండానే వచ్చారు.

"నీ ఇల్లు నీకు గావాల్నంటే నువ్వే వెళ్లగొట్టు," అంది భార్య లత. "నాతోని గాదు."

ఆ మధ్యాహ్నమే దేవిదాస్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"రేపు సర్కారు సార్లొస్తుండ్రు. జాగ చూపకుంటే మనకొచ్చిన గదులు పోతయి. గీ బడి తీసేసి, లారీల రోడ్డు అవతల బడిల కలుపుతరట. వాటా పైసల్ల సగం బోరుకు పెట్టినం. నీ ఇల్లు బడికిస్తే అదే ఊరి వాటా అయితది, మిగిలిన సగం నీకు వాపసిస్తం."

"సగానికి ఇంకో ఇల్లు ఎట్లస్తది అన్నా?"

"రాదు," అన్నాడు దేవిదాస్.

భూమేశ్‌కు నిజంగా కోపం వచ్చింది. కమిటీ మీద, గోడల మీద, చేతులెత్తేసిన లత మీద. ఒక జన్మలో మనిషి ఎన్ని ఇళ్లు కట్టగలడు అనుకున్నాడు. లోపల సౌజన్య గోడ దగ్గర మునివేళ్ల మీద నిలబడి లెక్క చేస్తోంది. తప్పు చేసి, అరచేత్తో తుడిచి, మళ్లీ చేసింది. లెక్క కుదిరేదాకా అతను గుమ్మంలోనే ఉన్నాడు.

తర్వాత నర్సింలును పిలిచి, "రేపటి నుంచి రాకు," అన్నాడు. నర్సింలు నల్లా కింద కుంచె కడుక్కుని పోయాడు.

సార్లు టేపు పెట్టి కొలుచుకున్నారు. ఇంటి వెనక జాగలో రెండు గదులకు పునాది పడింది. భూమేశ్ కాపురం కిరాయింటికి మారింది. సంక్రాంతి కాకముందే అతనికి మళ్లీ దుబాయి వీసా వచ్చింది, నాలుగేళ్లకు.

సోమవారం పది గంటల బస్సు. లత ఒక్కతే సంచి పట్టుకుని బస్టాండుకు వచ్చింది.

"బిడ్డేది?"

"రమ్మన్న. మా బాపు కట్టిన బడి, నాగా పెట్టనన్నది."

భూమేశ్ సంచి అందుకుని బస్సెక్కాడు. బస్సు కాలువ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.