కారం ఎరగని గిన్నె

నేను ఒక ఫుడ్ ప్రాసెసర్‌ని. ఈ పేరు పూర్తిగా పలికినవాళ్ళు నా జీవితంలో ఇద్దరే. ఒకరు నన్ను అమ్మిన సేల్స్‌మాన్, రెండోవారు నన్ను కొన్న సుగుణవల్లి గారు. ఆవిడ కూడా నాలుగు రోజులయ్యాక "ఆ పెద్ద మిక్సీ" అనడం మొదలుపెట్టింది. నాకు మనసు చివుక్కుమంది. మిక్సీ అంటే నాకు చిన్నచూపేమీ లేదు గానీ దానికి నూరడం ఒక్కటే వచ్చు. నాకు తరగడం, తురమడం, చక్రాలుగా కోయడం, పిండి కలపడం కూడా వచ్చు. ఇన్ని పనులు వచ్చిన నన్ను ఇంటిల్లిపాదీ నెత్తిన పెట్టుకుంటారనుకున్నాను.

పుట్టింది ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో. నాకు బ్లేడు బిగించి సరిచూసిన అమ్మాయి మధ్యాహ్నం రొట్టెలోకి ఉల్లిపాయ తెచ్చుకునేది. దాన్ని బల్ల మీద పెట్టి పిడికిలితో ఒక్కటిచ్చి, పగిలిన ముక్కలు నంజుకునేది. పక్కనే నేనున్నాను, తరిగిపెట్టమని అడగాలని ఆ పిల్లకి తోచనే లేదు. తర్వాత అట్టపెట్టెలో పడుకుని, లారీ ఎక్కి, కాకినాడ ఎగ్జిబిషన్‌కి వచ్చాను. సేల్స్‌మాన్ నా నోట్లో క్యారెట్లు వేస్తుంటే జనం గారడీ చూసినట్టు చూశారు. బ్యాంకులో పనిచేసే సుగుణవల్లి గారు ఆ గుంపులో ముందు వరసలో ఉన్నారు.

మొదటి వారం ఆ ఇంట్లో నా రాజ్యం నడిచింది. క్యారెట్ వేపుడు, క్యారెట్ హల్వా, క్యారెట్ పెరుగుపచ్చడి. చివరికి వాళ్ళాయన కంచం ముందు కూర్చుని, "మనింట్లో కుందేళ్ళనేమైనా పెంచుతున్నామా?" అని అడిగాడు. ఆ తర్వాత తోముడు దగ్గర పేచీ వచ్చింది. గిన్నె, మూత, బ్లేడు, చిల్లుల పళ్ళెం, కూరలు లోపలికి నొక్కే గొట్టం. రెండు క్యారెట్ల కోసం ఇన్ని తోమాలా అని ఆవిడ కత్తిపీట ముందేసుకుంది. నాకు పూల గుడ్డతో గౌను కుట్టి, మూలన కూర్చోబెట్టింది. మిరపకాయలు, వెల్లుల్లి, మసాలా అన్నీ మిక్సీకే వెళ్ళేవి. "దీనికి కారం వాసన పట్టిందంటే పళ్ళరసం ఎలా తీసుకుంటాం?" అనేదావిడ. పళ్ళరసం మాత్రం ఎప్పుడు తీశారు కనక.

ఒకనాడు చుట్టాలొచ్చారు. పూరీ పిండి నా చేత కలిపించారు. పిండి రాయిలా ఉంది, నేను మొండికెయ్యలేదు. తిరిగాను, తిరిగాను, చివరికి పొగ వదిలాను. అలా నేను జగన్నాథపురం వంతెన దిగగానే ఉన్న అప్పాజీ మోటార్ వైండింగ్ షాపుకి చేరాను.

అప్పాజీ సన్నటి మనిషి. మోటారు విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. నాకు కొత్త తీగ చుట్టి, తిప్పి, చెవి ఒగ్గి విని, "బాగున్నావు" అన్నాడు. నాతోనే అన్నాడు. అంతవరకూ నన్ను పలకరించిన మనిషి లేడు. సుగుణవల్లి గారికి కబురు పెట్టాడు. ఆవిడ ఇదిగో వస్తా, అదిగో వస్తా అంటూ రాలేదు. నేను టేబుల్ ఫ్యాన్ల మధ్య అటక మీద ఉండిపోయాను.

అక్కణ్ణించే రత్నవేణిని చూశాను. అప్పాజీ భార్య. రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, స్టూలు మీద కూర్చుని, అతను తింటున్నంతసేపూ కబుర్లు చెప్పేది. వీధిలో కుళాయి గొడవ, బస్సులో ఎవరో కొట్లాడుకున్న సంగతి, ఏదీ వదిలేది కాదు. అప్పాజీ ఊఁ కొట్టేవాడు. క్యారియరు మూత తీస్తే ఇంగువ తాలింపూ ఎర్రకారమూ కలిసి షాపంతా కమ్మేసేవి. పక్క షాపుల వాళ్ళు ఏదో వంక పెట్టుకుని వచ్చి ఒక ముద్ద తిని పోయేవారు.

కొన్నాళ్ళకి క్యారియరు రావడం మానేసింది. వచ్చినవాళ్ళతో అప్పాజీ చెబుతుంటే విన్నాను. రత్నవేణికి విరిగిన పంటి అంచు ఒరుసుకుని బుగ్గ లోపల పుండు పడిందట. పసుపు పెట్టింది, తేనె రాసింది, అదే పోతుందిలే అనుకుంది. అది పోయే రకం పుండు కాదని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ చేశారు, ఆ పైన కరెంటు పెడుతున్నారు. రేడియేషన్‌ని ఇక్కడివాళ్ళు అలాగే అంటారు.

ఒక పొద్దున్న అప్పాజీ షాపు తలుపు తీస్తూనే నన్ను దించాడు. గిన్నె వాసన చూశాడు. మూతకున్న రబ్బరు ఊడదీసి అదీ చూశాడు. సుగుణవల్లి గారికి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ ఫుడ్ మిక్సీ నా దగ్గరే ఉండిపోయిందండి. ఇందులో ఎప్పుడైనా మిరపకాయ వేశారాండి?"

"అయ్యో, దాన్లో క్యారెట్టు తప్ప ఏం వేశామండీ? అయినా మిరపకాయ ఊసెందుకు?"

అప్పాజీ సంగతి చెప్పాడు. "మీరే ఉంచేసుకోండి అప్పాజీ గారూ. ఆవిణ్ణి తినమనండి," అంది. ఆవిడ మీద నాకున్న కోపం ఆ మాటతో పోయింది.

అప్పాజీ వాళ్ళింటికి వెళ్ళాకే అసలు సంగతి తెలిసింది. కరెంటు పెట్టిన నోరు లోపలంతా పచ్చిపుండు. ఇంట్లో మిక్సీ ఏళ్ళ తరబడి కారప్పొళ్ళు కొట్టిన మిక్సీ. అప్పాజీ దాన్ని వేణ్ణీళ్ళతో కడిగాడు, శనగపిండితో తోమాడు, ఎండలో పెట్టాడు. అయినా దాంట్లో మెత్తగా చేసిన అన్నం నాలిక్కి తగలగానే రత్నవేణి కళ్ళనీళ్ళతో కంచం తోసేసింది. మనకి తెలియనంత కారం కూడా ఆ నోటికి నిప్పే. దాంతో ఆవిడ తినడమే మానేసింది. తూకం ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, అప్పటిదాకా వైద్యం ఆపాలి, ఆపితే మంచిది కాదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. గొట్టం పేరు చెబితే రత్నవేణి వణికిపోయేది. ఇప్పుడిక అంతా ఆవిడ తినడం మీదే ఉంది. ఊళ్ళో కారం ఎరగని గిన్నె నా ఒక్కదానిదే కాబోలు. పనికిరాకుండా మూలన కూర్చున్నందుకు మొదటిసారి గర్వపడ్డాను.

కానీ వంట చేసేది అప్పాజీ. మొదటి రోజు అతను అన్నం, పప్పు, బీరకాయ కూర, పెసరకట్టు, పెరుగు అన్నీ కలిపి నా గిన్నెలో వేసి ఒక్క తిప్పు తిప్పాడు. అతనికది తెలివైన పనిలాగే కనిపించింది. బూడిద రంగు జావ తయారైంది. నాకే సిగ్గేసింది. కప్పులో పోసి తీసుకెళ్ళాడు.

రత్నవేణి కప్పులోకి చూసింది. ఆవిడ మాట ముద్దముద్దగా, ఆగి ఆగి వస్తోంది.

"ఇది కుడితండి."

"కడుపులోకెళ్ళాక అన్నీ ఒకటే కదే రత్నం."

"గేదెలకి పోస్తారు ఇలాగ. నేను తినను. గొట్టమే పెట్టించెయ్యండి."

అప్పాజీ కప్పు పట్టుకుని వంటింట్లోకొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంత పెద్ద మోటారు కాలిపోయినా కంగారుపడని మనిషి, అలా నిలబడిపోయాడు. కాసేపటికి రత్నవేణే గోడ పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పప్పు పప్పులాగుండాలి. కూర కూరలాగ. పెరుగన్నం ఆఖర్న. మనిషి తినే తిండి అంటే అదీ."

"రుచే తెలీటం లేదన్నావు. ఏది ముందైతే ఏంటి?"

"నాలిక్కి తెలీదు. నాకు తెలుసు కదా."

అప్పాజీ నా గిన్నె కడిగి తెచ్చాడు. ముద్దపప్పు, అన్నం, నెయ్యి వేసి నన్ను తిప్పాడు. తీసి, గిన్నె కడిగి, బీరకాయా అన్నమూ వేశాడు. మళ్ళీ కడిగాడు. పెసరకట్టు అన్నం. మళ్ళీ కడిగాడు. పెరుగన్నం. గుమ్మంలో కూర్చున్న రత్నవేణి నా చప్పుడు వింటూ, మెత్తబడిందనుకోగానే చెయ్యెత్తి ఆపమనేది. కంచంలో నాలుగు చిన్న కుప్పలు, ఏ రంగు ఆ రంగుగా. ఆవిడ చెంచాతో పప్పన్నం అందుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కూర వైపు చెంచా తిప్పింది. వరస తప్పకుండా తిని, పెరుగన్నంతో ముగించింది. సగం మిగిలింది. ఆ మిగిలింది అప్పాజీ తిన్నాడు. ఉప్పు వెయ్యడం మర్చిపోయానని అప్పుడు తెలిసిందతనికి.

అలా పూటపూటా సాగింది. వేడి గరిటెలు ముట్టుకుని అప్పాజీ వేళ్ళు కాల్చుకున్నాడు, పప్పు మాడ్చాడు, అన్నం పలుకు చేశాడు. గిన్నె కడగడం దగ్గర మాత్రం ఏమరపాటు లేదు. రబ్బరు ఊడదీసి తోమేవాడు, వాసన చూసేవాడు. నన్ను ఎవరైనా ముట్టుకోబోతే, "దాని జోలికి రాకండి, అది మా రత్నం గిన్నె," అనేవాడు. నేను ఎవరి పేరు మీదైనా ఉండటం అదే మొదలు.

ఆసుపత్రిలో తూకం చూసినప్పుడు తగ్గలేదన్నారు. గొట్టం మాట ఇక ఎవరూ ఎత్తలేదు. కరెంటు పెట్టడం అయిపోయింది. నోరు మెల్లగా మానింది. జావలా తిప్పినదాన్ని, తర్వాత బరకగా తిప్పాను, ఆ తర్వాత సన్నగా తరగడంతో సరిపోయింది. రత్నవేణి చెంచా మాని చేత్తో ముద్ద కలిపింది. కబుర్లు కూడా మొదలయ్యాయి, కాస్త నిదానంగా.

రుచి మాత్రం రాలేదు. ఏం తిన్నా సుద్ద నమిలినట్టుందనేది. కూరల్లో ఉప్పూ పులుపూ అప్పాజీయే చూసేవాడు. రుచి ఇక రాదేమోనని ఆవిడ ఒకసారి అంటే, వస్తుందిలే అన్నాడు గానీ ఆ గొంతులో ధైర్యం లేదు. నాకూ లేదు.

ఒక ఆదివారం రత్నవేణి దోసకాయ ముందేసుకుంది. చెక్కు తీసింది, రెండుగా కోసింది. దోసకాయ కోసిన ఏ ఇల్లాలైనా చేసినట్టే, ఆలోచించకుండా చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం చిట్లించి దోసిట్లోకి ఉమ్మేసింది.

"చేదండి."

అని, తనే ఆగిపోయింది. అప్పాజీ గబగబా వచ్చి ఆ కాయలోంచి ఒక ముక్క తిన్నాడు. పచ్చి చేదు. ఆ చేదు ముక్క ఉమ్మెయ్యకుండా నమిలి మింగేశాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రత్నవేణి ఇంకో కాయ కోసి, మళ్ళీ రుచి చూసి, "ఇది బాగుంది," అంది.

ఆ కాయ ముక్కలు నా గిన్నెలో పడ్డాయి. నూనెలో మగ్గిన ఒక పచ్చిమిరపకాయ పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"దాన్లో వద్దు రత్నం," అన్నాడు అప్పాజీ. "ఒక్కసారి కారం దిగితే ఇక పోదు. రేపు నీకు నోరు మండితే ఇంకో గిన్నె లేదు."

"మండితే మండనీండి."

వేసేసింది. మీట తనే నొక్కింది. రెండు తిప్పులు, ముక్క ముక్కగా, పచ్చడి ఎలా ఉండాలో అలా. నాకు భయమేసింది. ఆవిడకి పనికొచ్చే ఒకే ఒక్క గుణం నాలో పోయింది కదా అనిపించింది.

వేడన్నంలో కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారాయి, ముక్కు ఎగబీల్చింది. అప్పాజీ పెరుగు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆవిడ ఆ గిన్నె అందుకోలేదు. ఎడం చేత్తో కళ్ళు తుడుచుకుని ఇంకో ముద్ద కలిపింది. కంచం ఖాళీ చేసింది.

తిన్నాక అప్పాజీ నా గిన్నె కుళాయి కింద పెట్టాడు. రబ్బరు ఊడదీశాడు. శనగపిండి వేసి తోమాడు, కడిగాడు, వాసన చూశాడు, మళ్ళీ పిండి అందుకున్నాడు.

"ఎందుకండీ అంత?" అంది రత్నవేణి గుమ్మంలోంచి. "ఇంక ఒక్కసారి కడిగితే చాలు."

అప్పాజీ చెయ్యి ఆగింది. కుళాయి అలాగే కారుతోంది. కరెంటు పెట్టినన్నాళ్ళూ కంట తడి పెట్టని మనిషి నా గిన్నె మీదకి వంగి ఏడ్చాడు. తర్వాత దాన్ని తీసుకెళ్ళి, మిక్సీ పక్కన బోర్లించాడు.