కడిగి మొక్కిన జనరేటర్

మా జనరేటర్‌ను ఎవరైనా ఒక్క మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది. హుజూరాబాద్‌లో ఓ పిల్లల దవాఖానలో తొమ్మిదేళ్లుగా దాన్ని నడుపుతున్నది నేనే. కరెంటు పోయిన పది సెకన్లలో అది గుర్రుమనాలి. అనేది కూడా. "హనుమండ్లన్న ఉంటే మనకు ఫికర్ లేదు" అని నర్సులు అంటుంటే మీసం తిప్పుకునేవాణ్ని. ఈ దసరాతో ఆ మీసం దిగిపోయింది.

దసరాకు పనిముట్లకు మొక్కడం మా ఇంటి ఆనవాయితీ. పొద్దున్నే జనరేటర్‌ను కడిగాను. తడి తగిలి ఏదైనా కాలుతుందేమోనని ముందే బ్యాటరీ వైర్లు రెండూ విప్పాను, పెద్ద తెలివిమంతుణ్ని కదా! తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాను. నట్లు బిగించే పానాల సంచిని ఇంటికి తీసుకుపోయి దేవుడి ముందు పెట్టాను. మొక్కిన పనిముట్టును సాయంత్రం జమ్మిపూజ అయ్యేదాకా ముట్టొద్దని మా బాపు చెప్పేవాడు. వైర్లు ఆ తర్వాత బిగిద్దాం, పండుగ పూట కరెంటెందుకు పోతుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చాను. నాలుగింటికి గాలివాన లేచింది. కరెంటు పోయింది.

అలవాటుగా బటన్ ఒత్తాను. జనరేటర్ ఉలకలేదు, పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. బ్యాటరీ వైర్లు ఇంకా విప్పే ఉన్నాయి.

పైన ఊపిరి మిషన్ మీద ఒక పసిపిల్ల ఉంది. పుట్టి నాలుగు రోజులు, బరువు కిలోంబావు. కరెంటు పోతే ఆ మిషన్ సొంత బ్యాటరీ మీద పది నిమిషాలు నడుస్తుంది. ఆ తర్వాత నడవదు.

"అన్నా, ఏమైంది? మిషిన్ కుయ్ కుయ్ అంటుంది!" మెట్ల మీది నుంచి నర్సు నవత అరిచింది.

"వస్తది చెల్లె, రెండు నిమిషాలు!" అన్నాను. అబద్ధం.

పానా కోసం బజారంతా ఉరికి వచ్చాను, పండుగకు చుట్టుపక్కల షాపులన్నీ బంద్. ఇంటికి ఫోన్ చేశాను.

"బాలలక్ష్మీ, పానాల సంచి వట్టుకొని ఉరికిరా!"

"పూజల వెట్టినయ్ గదా, ఎట్ల తీస్తం?" అంది నా భార్య.

"తియ్యే! గీడ పిల్ల పాణం పోతుంది!"

ఆ మాట నా నోట వచ్చాకే భయం పూర్తిగా పట్టుకుంది. ఆమె ఆ వానలో నడిచి రావాలంటే పావుగంట.

పైన కుయ్‌మనడం ఆగిపోయింది, మిషన్ బ్యాటరీ అయిపోయినట్టుంది. పిల్ల నాయనమ్మ రామవ్వ తడబడుతూ మెట్లు దిగి వచ్చింది. "బిడ్డా, నర్సమ్మ పిల్లకు చేత్తోని బుడ్డ ఒత్తి గాలి కొడుతుంది. ఎంతసేపు కొడ్తది?"

వైర్లను బ్యాటరీకి పెట్టి నట్లు వేళ్లతో తిప్పాను. ఒకటి గట్టిగానే బిగిసింది. రెండోది పట్టు దొరకలేదు. వాచ్‌మన్ మల్లన్నను పిలిచి బటన్ ఒత్తమన్నాను. టిక్కుమని నిప్పురవ్వలు లేచాయి, అంతే.

ఇక ఒకటే దారి. తువ్వాల మడతపెట్టి, ఆ వైరును రెండు చేతులతో అదిమిపట్టాను. నా మొహం సరిగ్గా బ్యాటరీ మీదే ఉంది. అది పగిలితే కళ్లు పోతాయి. నిజం చెప్పాలంటే, వదిలేసి ఉరుకుదామనిపించింది.

"ఒత్తు, మల్లన్నా!"

తువ్వాల కాలింది. చర్మం కాలిన వాసన నాకే తెలిసింది. "ఇంకోపాలి!" అని అరిచాను. మూడోసారికి ఇంజన్ దగ్గి, దగ్గి, అందుకుంది. పైన లైట్లు వెలిగాయి.

చేతులు తీస్తే ఆగిపోతుందేమోనని బాలలక్ష్మి వచ్చి పానాతో నట్టు బిగించేదాకా అట్లే పట్టుకొని నిలబడ్డాను. పైన నవత కూడా, మిషన్ అందుకున్నాక చాలాసేపటి దాకా చేతిలోని గాలిబుడ్డను వదలలేదట.

వాన తగ్గాక కబురు వచ్చింది. స్తంభాలు పడ్డాయి, కరెంటు రేపటిదాకా రాదు. నా చేతికి కట్టు కట్టారు. చీకటి పడుతుండగా రామవ్వ, దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు పట్టుకొని జనరేటర్ గదికి వచ్చింది.

"బంగారం తీస్కో బిడ్డా. నువ్వు లేకుంటే నా మనుమరాలు దక్కకపోతుండె."

ఆకు నా కట్టు మీద పెట్టింది. అది కాలిన చోటు కన్నా ఎక్కువ మండింది. తట్టుకోలేకపోయాను.

"అవ్వా, గా వైర్లు ఇప్పింది నేనే. మిషిన్ కడుగుదామని ఇప్పిన. మళ్ల బిగియ్యలే."

ఆమె నన్ను చూసింది. దండ వేసుకొని గుర్రుమంటున్న జనరేటర్‌ను చూసింది. తిట్టలేదు. ఆకు వెనక్కి తీసుకోలేదు. పైకి వెళ్లిపోయింది. అందరికీ చెప్పేస్తుంది, చెప్పనీ అనుకున్నాను.

కాసేపటికి మెట్ల మీద చప్పుడైంది. పైన పిల్ల గది ముందు నాలుగు రోజులుగా తాను కూర్చుంటున్న ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకుంటూ రామవ్వ దిగింది. నా గది గుమ్మంలో వేసింది.

"అవ్వా, పోయి పిల్ల కాడ కూసోరాదు?"

"పిల్ల కాడ నర్సమ్మ ఉన్నది. కరెంటొచ్చేదాక నీ కాడ నేనుంట" అని, కుర్చీని జనరేటర్ వైపు తిప్పుకొని కూర్చుంది.