మాస్టారి వరస గాలిపటాలు

నౌపడలో జగన్నాధం మాస్టారు పొద్దున్న అయిదున్నరకి నడకకి బయల్దేరారంటే, ఆయన వెనక పది బారల దూరంలో భార్య చూడామణి, ఆవిడ వెనక ఇంకో పది బారల దూరంలో కూతురు ఆమని బయల్దేరాల్సిందే. ఎండైనా వానైనా అంతే. ఉప్పు మడుల గట్టు మీద మాస్టారు కుడికి తిరిగితే వాళ్ళూ కుడికి తిరుగుతారు. చెప్పులో రాయి పడి ఆయన ఆగితే వాళ్ళూ ఆగుతారు. కావాలంటే దగ్గరకి జరగొచ్చు, పది బారలు దాటి దూరం మాత్రం పోవడానికి లేదు. పోదామన్నా కాలు కదలదు. కదిలిస్తే నడుం దగ్గర ఎవరో పట్టుకుని గుంజినట్టుంటుంది. ఎన్నోసార్లు ఆమని సగం తోమిన పళ్ళతో, నోట్లో నురగతో, చేతిలో బ్రష్షుతో గట్టంతా నడిచింది. చూడామణి అయితే అట్లకాడ పుచ్చుకునే వచ్చేది.

ఊరికిది అలవాటే. టెక్కలి బస్సులో కండక్టరు అడక్కుండానే మూడు టిక్కెట్లు కొడతాడు. మాస్టారు క్షవరానికి వెళ్తే సెలూన్ కుర్రాడు బయట రెండు స్టూళ్ళు వేస్తాడు. ఆమని డిప్లొమా చదివిన మూడేళ్ళూ మాస్టారు కాలేజీ గ్రౌండులో పేపరు చదువుకుంటూ, చూడామణి వరండాలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నారు. చూసి చూసి ప్రిన్సిపాలు ఆవిడకో కుర్చీ వేయించాడు. పెళ్ళి సంబంధాలు కూడా వచ్చాయి లెండి. "అబ్బాయి మీ పక్కింట్లో దిగాలంటారు, అంతేగదా" అని వచ్చినవాళ్ళు అర్థం చేసుకుని మర్యాదగా కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఇదంతా మొదలైంది తిత్లీ తుపాను నాడు. అప్పటికి మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరై మూడు నెలలు. తెల్లవారుతుండగా ఇంటి పెంకులు కాకుల్లా లేచిపోతుంటే పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని బడి బిల్డింగు వైపు పరిగెట్టారు. మధ్యలో గాలి ముగ్గుర్నీ ఎత్తి కుదేసింది. మాస్టారు ఒక చేత్తో సిమెంటు స్తంభాన్ని వాటేసుకుని, రెండో చేత్తో చూడామణి చెయ్యి పుచ్చుకుని, గ్రౌండు గొంతుతో అరిచారు: "ఆమని గుంట చెయ్యి పట్టుకోయే! ఒగ్గకండి! ఎవరూ ఒగ్గకండి!" ఎవరూ ఒగ్గలేదు, పట్టు వదల్లేదు. మధ్యాహ్నానికి గాలి తగ్గింది. చేతులు విడిపోయాయి గానీ, ఆ పట్టు మాత్రం విడిపోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే నొప్పుందా అని అడిగాడు. లేదంటే బలం మాత్రలు రాసిచ్చాడు.

అప్పుడు ఆమనికి పదిహేడేళ్ళు. ఇప్పుడు ఇరవై నాలుగు.

మాస్టారు చెడ్డవారని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పోతాయి. పిల్లకి జ్వరమొస్తే ఆయన అన్నం మానేస్తారు. కాకపోతే ఏడేళ్ళుగా ఆయన నిద్ర మాత్రం హాయిగా పోతున్నారు. ఇద్దరూ ఇరవై బారల్లో ఉన్నారని తెలిసిన మనిషికి నిద్రెందుకు పట్టదు? నిద్ర పట్టనిది ఆమనికి. ఇంటి వెనక నుంచి హౌరా వైపు, విశాఖ వైపు రోజూ బళ్ళు పోతుంటే పక్క మీద పడుకుని ఇంజన్ల నెంబర్లు లెక్కపెట్టేది. చుట్టూ ఎక్కడ చూసినా అడ్డం లేని బయలు, ఉప్పు మడులు, ఆకాశం. అందులో ఆమనికి ఉన్నది ఇరవై బారలు. గదిలో పెట్టి తాళం వేస్తే తలుపు మీదైనా బాదొచ్చు, ఇక్కడ దేన్ని బాదాలి?

రిటైరయ్యాక మాస్టారికి గాలిపటాల పిచ్చి పట్టుకుంది. భావనపాడు సముద్రం ఒడ్డున ఒకసారి గాలిపటాల పండగ చేస్తే ఎవరో మలేషియా వాళ్ళొచ్చి నాలుగు దారాల గాలిపటాలు ఎగరేశారు. పోతూ పోతూ చిరిగిందొకటి ఈయనకిచ్చారు. మామూలు పటానికి ఒక దారం, అది గాలి ఎటంటే అటు. దీనికి రెండు చేతుల్లో రెండు పిడులు, ఒక్కో పిడికి పైనొక దారం, కిందొక దారం. పై దారాలు లాగితే ముందుకు దూకుతుంది. కింది దారాలు లాగితే వెనక్కి నడుస్తుంది. రెండూ సమంగా పట్టుకుంటే ఆకాశంలో ఒకచోట బొమ్మలా నిలబడిపోతుంది. చెప్పినట్టు వినేది దొరికితే డ్రిల్లు మాస్టారు వదుల్తారా! గొడుగు గుడ్డ కొని, డేరా కడ్డీలు కోసి, అలాంటివే ఆరు కుట్టించారు.

కుట్టింది ఆమని. ఆరింటినీ ఒకదాని వెనక ఒకటి పేర్చి ఒక్కసారే ఎగరేయాలని మాస్టారి పంతం. చేతికి తగిలేది ముందు పటం ఒక్కటే. దాని కడ్డీల కీళ్ళ నుంచి వెనకదాని కీళ్ళకి మూరకి బెత్తెడు తక్కువగా తాళ్ళు, దాన్నుంచి ఆ వెనకదానికి. ఆ తాళ్ళన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే కొలత ఉండాలి. ఒకటి పొట్టిదైతే వరసంతా మెలికపడి కూలిపోతుంది. నౌపడ గాలికి తేమెక్కువ కదా, పొద్దున్న కోసిన తాడు మధ్యాహ్నానికి పొడుగు మారిపోయేది. నెల్లాళ్ళు తల పట్టుకున్నాక ఆమనే ఉపాయం కనిపెట్టింది. తాళ్ళన్నీ మడిలోని ఉప్పునీళ్ళలో నానబెట్టి, రాయి కట్టి రెండు రోజులు వేలాడదీసి, ఒకే పూట కోసింది. ఇక కొలత మారలేదు. మాస్టారు భుజం తట్టి, "ఈ చేతులు ఈ ఇంట్లో పుట్టడం నా అదృష్టం" అన్నారు. ఆమనికి ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకున్నారాయన.

పక్క మడిలో ఉప్పు లాగే కూర్మయ్య గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ అనేవాడు: "ఏటి మాస్టారూ, ఇంట్లో ఉన్న వరస సాలనేదా, ఆకాశంలో ఒకటా?"

"నీకు డిసిప్లిన్ విలువ తెలీదురా కూర్మయ్యా" అని నవ్వేవారు మాస్టారు.

ఇంతలో రైల్వే నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్ష ఎప్పుడో రాసింది ఆమని, తల్లీ తండ్రీ సెంటరు బయట టెంటు కింద కూర్చుంటే. ఇంజన్‌లో సహాయ డ్రైవరు ఉద్యోగం. శుక్రవారం పొద్దున్న పదింటికి విశాఖలో శిక్షణకి హాజరు కావాలి, కాకపోతే ఉద్యోగం పోయినట్టే.

మాస్టారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు.

"ఆఫీసులో కుర్చీ ఉద్యోగమైతే ముగ్గురం ఎల్లిపోదుము" అన్నారు. "ఇంజనంటే ఎలగమ్మా? ఎనకాల నేనూ మీ అమ్మా పరిగెట్టాలా?"

"నాకదే కావాలి నాన్నా."

"నేనేటి కట్టీసేనా నిన్ను? ఆ ముడి అదే పడింది. ఇంకో ఏడాది సూద్దాం."

చూడామణి పొయ్యి దగ్గర నుంచి తిరగలేదు. వంకాయలు కోస్తూనే ఉంది. ఆవిడ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ తక్కువే. ఎడం చేతి వేళ్ళూ కుడి చేతి వేళ్ళూ కూడా పూర్తిగా చాచలేదు ఆవిడ, తుపాను నాటి నుంచీ. కీళ్ళవాతం అనుకున్నారంతా.

ఆ వారం ఆమని ఎవరికీ చెప్పకుండా ఇంకో రెండు పటాలు కుట్టింది.

గురువారం పొద్దున్న నైరుతి గాలి జోరుగా తిరిగింది. గట్ల మీద ఉప్పు కుప్పలకి కప్పిన తాటాకులు లేచిపోతున్నాయి. ఆరు పటాలకి ఇంతకన్నా మంచి గాలి రాదని మాస్టారు ఉషారుగా ముందు నడిచారు. ఆయనకి భుజం నొప్పి, అందుకే పిడులు పట్టేది ఆమనే. మాస్టారు గాలికి ఎగువన, మధ్యలో చూడామణి, దిగువన ఆమని. ఆమని ఎదురుగా ఎండిన మడిలో వరసగా పేర్చిన పటాలు.

"అవి ఎనిమిదున్నాయేటే?" అని అరిచారు మాస్టారు.

"ఎనిమిదే నాన్నా."

"ఈ గాలికి ఆగవు! రెండు తీసీ!"

ఆమని తియ్యలేదు. పై దారాలు ఒక్కసారి లాగింది. ఎనిమిదీ కలిసి ఒకే పటంలా లేచాయి, గొడుగు గుడ్డలు బర్రుమన్నాయి. ఒక పటం లాగితే చంటిపిల్ల చెయ్యి లాగినట్టుంటుంది. ఎనిమిది లాగితే మాటలా! ఆమని మడమలు నేల వదిలాయి. రెండడుగులు ముందుకి ఈడ్చుకుపోయింది, వెంటనే నడుం దగ్గర వెనక్కి గుంజుడు. ఆమనికి కావలసింది అదే. ఏది తెగుతుందో తెగనీ అనుకుంది. పళ్ళు బిగించి పటాల్ని ఆకాశం నడిమధ్యకి, గాలి బలంగా ఉన్న చోటికి తీసుకెళ్ళింది.

"కింది దారాలు లాగు! దింపీ!" మాస్టారి గొంతు.

లాగలేదు. వెనక నుంచి అమ్మ అరుపు వినిపించింది. ఏడేళ్ళలో ఆవిడ అరవగా వినలేదు ఎవరూ. ఆమని తల తిప్పి చూసింది. చూడామణి మోకాళ్ళ లోతు ఉప్పునీళ్ళలో దిగిపోయి ఉంది. రెండు చేతులూ రెండు వైపులకి బారచాపి ఉన్నాయి, పిడికిళ్ళు బిగిసి తెల్లబడి ఉన్నాయి. ఒక పిడికిలి మాస్టారి వైపు, ఒకటి ఆమని వైపు. పిడికిళ్ళలో ఏమీ లేదు, అయినా రెండు వైపులా ఆవిడ చిరిగిపోయేలా ఉంది.

అప్పుడు తెలిసింది ఆమనికి. నాన్న లాగుతున్నాడని ఏడేళ్ళు తిట్టుకుంది. పట్టుకున్నది అమ్మ.

"అమ్మా! నువ్వేనా?"

"నానేటి సేసేదే!" చూడామణి ఏడుస్తూ అరిచింది. "ఒగ్గొద్దన్నారు మీ నాన్న! ఆ తరవాత మరేటీ సెప్పనేదు!"

మాస్టారు గట్టు మీద కొయ్యబారిపోయారు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఆయన ఇచ్చిన ఏ ఆర్డరైనా మరో ఆర్డరు వచ్చేదాకా నిలబడుతుందని గొప్పగా చెప్పుకునేవారు. బడి పిల్లల్ని ఎండలో నిలబెట్టి మరిచిపోయి టీ తాగి వచ్చినా, ఒక్కడు కదిలేవాడు కాదట. పెళ్ళాన్ని నిలబెట్టి మరిచిపోయిన సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది. మరిచిపోయారో, గుర్తు చేసుకోలేదో, అది ఆయనకే తెలియాలి.

"సెప్పండి బాబూ" అంది చూడామణి. "మీరు సెప్తేగానీ ఈ సేతులు ఇడవ్వు. సూడండి, నా వల్ల కాదింక."

గాలి ఇంకాస్త హెచ్చింది. ఆమని కళ్ళలో నీళ్ళు, పిడుల మీద వేళ్ళు కోసుకుపోతున్నాయి. దింపేస్తే అమ్మకి నొప్పి పోతుంది. దింపేస్తే రేపు పదింటి ఉద్యోగమూ పోతుంది. దింపలేదు, తల్లి వైపు చూళ్ళేకపోయింది. ఆ పాపం ఎప్పటికీ నాదే అనుకుంది.

మాస్టారి గొంతు గ్రౌండు గొంతులా రాలేదు. గాలిలో సగం కొట్టుకుపోయింది.

"ఒగ్గీ, చూడామణీ."

"రెండు సేతులూనా?"

పక్క గట్టు మీద కూర్మయ్య బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"రెండూనూ" అన్నారు మాస్టారు.

చూడామణి పిడికిళ్ళు విప్పింది. ఆమని దబ్బున ముందుకు పడి, మోచేతుల మీద పది గజాలు ఈడ్చుకుపోయి, కింది దారాలు గట్టిగా లాగింది. ఎనిమిది పటాలూ వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చి ఎండిన మడిలో కూర్చున్నాయి. లేచి చూసుకుంది. తండ్రికీ తనకీ మధ్య ఇరవై అయిదు బారలు పైనే ఉంది.

మాస్టారు నడిచొచ్చి పిడులు తన చేతిలోకి తీసుకున్నారు. కూతురి మోచేతుల మీద నెత్తురు చూసి తువ్వాలు ఇచ్చారు. కళ్ళజోడు పెట్టె తెరిచి ఉత్తరం ఇచ్చారు.

"మధ్యాన్నం బండికి ఎల్లు. పదింటికంటే తొమ్మిదిన్నరకే ఉండాలి. బూట్లు పాలిష్ చేసుకో."

"నాన్నా..."

"బేగెల్లు. నేను మళ్ళీ నోరిప్పకముందే."

మధ్యాహ్నం నౌపడ స్టేషన్‌లో ఆమని ఒక్కతే టిక్కెట్టు తీసుకుంది. ప్లాట్‌ఫారం మీద సంచీ పెట్టి కూర్చుంటే ఎదర గుణుపూర్ వైపు పోయే బండి పక్కన తెలిసిన చీర కనబడింది. కుచ్చెళ్ళ మీద ఉప్పు తెల్లగా ఎండిపోయి ఉంది. ఆమని వంతెన దాటి పరిగెట్టింది.

"ఎక్కడికే అమ్మా?"

"పాతపట్నం" అంది చూడామణి. "మా నారాయణమ్మప్ప దగ్గిరికి."

"ఏటైనాది పెద్దమ్మకి?"

"ఏటీ అవనేదు. ఊరికే. ఎల్లి కూకుంటాను."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు చాచి చూసుకుంటోంది, ముడుస్తోంది, మళ్ళీ చాస్తోంది.

"నీకు నొప్పెడతాందని తెలిసీ నేను దింపనేదమ్మా" అంది ఆమని.

"సూసేను. దింపుంటే నాను సంపీదును నిన్ను."

"నాన్న ఒక్కడే అయిపోడా?"

"అవుతారు" అంది చూడామణి. "నువ్వూ ఒక్కదానివే, నానూ ఒక్కదాన్నే. ఎలగుంటాదో సూద్దాం."

"ఎప్పుడొస్తావు?"

"రాబుద్దయితే వస్తాను. నువ్వూ అంతే."

గుణుపూర్ బండి కూత వేసింది. చూడామణి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఎదర సీటు ఖాళీగా ఉంటే దాని మీద కాళ్ళు చాపుకుంది. చెయ్యి ఊపలేదు, వెనక్కి చూడలేదు. బండి కదిలింది. ఆమని అలవాటు కొద్దీ ఆ కిటికీ వెంట నడిచింది, ఒక అడుగు, రెండడుగులు. నడుం దగ్గర ఏ గుంజుడూ లేదు. మూడో అడుగు వెయ్యనక్కర్లేదని అప్పుడు తెలిసి, అక్కడే ఆగిపోయింది.