మా ఆయన ఒడ్డుకు చేర్చిన బ్యాంకు

మునిగిపోయే పెద్ద బ్యాంకులను జనం గగ్గోలు పెట్టకుండా ఒడ్డుకు చేర్చడం మా ఆయన ఉద్యోగం. ప్రభుత్వం దానికోసం ఒక ఆఫీసే పెట్టింది. పెట్టాక ఒక్క బ్యాంకూ మునగలేదు. దాంతో మా నాన్న నోటికి అడ్డూ అదుపూ లేదు.

"అల్లుడుగారూ, ఇవాళైనా ఏదైనా మునిగిందా? జీతం మాత్రం తేలుతోందిగా!" అనేవాడు. మా ఆయన నవ్వి ఊరుకునేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నారు. "సోమవారం దాకా రాను, ఫోన్ చెయ్యకు" అన్నారు. నాన్న ఉండేది మా ఇంట్లోనే కదా, చెవులు నిక్కబొడుచుకుని భోజనాల బల్ల దగ్గరికి చేరాడు.

"ఏదండీ? మన వీధి చివర బ్రాంచి ఉందే, ఆ పెద్ద బ్యాంకేనా?"

అన్నం తింటున్న మా ఆయనకు పొలమారింది.

నాన్నకు అది చాలు. వెంటనే బ్రోకరుకు ఫోన్ కలిపాడు. "దాని షేర్లు చవగ్గా ఉన్నాయిగా, నేను దాచుకున్నదంతా పెట్టెయ్! మా అల్లుడి ఆఫీసు పెట్టకముందు ఓసారి ఇంకో బ్యాంకులో ప్రభుత్వం డబ్బు పోస్తే షేర్లున్నవాళ్లు పండగ చేసుకున్నారు."

మా ఆయన గ్లాసెడు నీళ్లు ఆ ఫోన్ మీద ఒంపేశారు. చెయ్యి జారిందట! "కళ్లు కనబడటం లేదా?" అని నేనే కసిరాను. నాన్న నా ఫోన్ లాక్కుని పని కానిచ్చాడు. మా ఆయన రెండు కాళ్లకూ రెండు రకాల బూట్లు వేసుకుని వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున్నే టీవీలో చెప్పారు. బ్యాంకు ప్రభుత్వం చేతికొచ్చింది. డిపాజిట్లకు ఏ ఢోకా లేదు. ఈసారి నష్టం మొదట షేర్లవాళ్లదే, వాటి విలువ సున్నా. వీధి చివర బ్రాంచి ఎప్పటిలాగే తెరిచారు. తోపులాటా లేదు, కేకలూ లేవు. కేకలన్నీ మా ఇంట్లోనే.

మా ఆయన గడ్డం మాసిపోయి గుమ్మంలోకి రాగానే నాన్న అడ్డంగా నిలబడ్డాడు. "తెలిసీ చెప్పలేదా?"

"చెప్పకూడదు మామయ్యా. చెబితే సాయంత్రానికల్లా ఊరంతా పాకేది, బ్యాంకు ముందు తొక్కిసలాట అయ్యేది." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చేతనైంది చేశాను. ఫోన్ తడిపాను కదా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు.

సాయంత్రం బాబాయి నాకు ఫోన్ చేశాడు. తన డబ్బంతా ఆ బ్యాంకులోనే ఉందట, తీసేసుకోవాలా అని కంగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న బయటికొచ్చి ఫోన్ లాక్కున్నాడు.

"కదపకురా, వెధవా! ఆ బ్యాంకుని చూస్తున్నది మా అల్లుడు. సొంత మామ మునుగుతున్నా నోరు విప్పని మనిషిరా! నీ డబ్బు ఎక్కడికీ పోదు."