మూతలు ఎగిరే ఇల్లు

"ఇది పాలగిన్నె మూత కాదండీ."

"పాలగిన్నె మీదే ఉందిగా! పాలగిన్నె మూత కాక ఇంకేమవుతుంది?"

"మీరు నా కుర్చీలో కూచుంటే నేనైపోతారా?"

తాతయ్య పేపరు దించి ఆలోచించాడు. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటర్లో గడిపిన మనిషి. వాదనలో అవతలివాళ్లు విసిగి వెళ్లిపోవడమే తప్ప తను ఓడిపోవడం ఎరగడు.

"మూత అంటే మూసేది. అది మూస్తోందా, లేదా?"

"ఒక పక్క మూస్తోంది. రెండో పక్కనుంచి చీమలు దర్జాగా లోపలికి దిగుతున్నాయి."

నానమ్మ ఆ మూతను అటూ ఇటూ తిప్పి, బోర్లించి, అరచేత్తో ఒక్కటిచ్చి చూసింది. మూత గిన్నె మీద కూర్చోలేదు. ఆ ఇంట్లో ఏ మూత ఏ గిన్నెదో చెప్పగలిగిన రోజులు ఏనాడో పోయాయి. అన్నిటికీ సొట్టలే. ఆ సొట్టలకు కారకురాలు వంటింటి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూచుని, ఇంకో మూతను బొంగరంలా తిప్పుతోంది.

మనవరాలు. నాలుగేళ్లు నిండాయి. అసలు పేరుతో డాక్టరు తప్ప ఎవరూ పిలవరు, అందరికీ బుడంకాయే. నడక ఆలస్యంగా వచ్చింది. మాట ఇంకా రాలేదు. మాటకు బదులు బుడంకాయకు మూతలున్నాయి. ఆకలేస్తే మూత విసురుతుంది, నిద్రొస్తే మూత విసురుతుంది, ఎవరూ తనవైపు చూడకపోతే రెండు విసురుతుంది. మూత ఖంగుమనగానే ఎక్కడివాళ్లక్కడ పని వదిలేసి "అయ్యయ్యో!" అంటూ పరుగెత్తుకొస్తారు. పిల్ల పని అయిపోతుంది. మూత అందకపోతే కొరుకుతుంది. ఆ పళ్ల వరస నానమ్మ ముంజేతి మీద ఎప్పుడూ ఒకటి మానుతూ, ఇంకొకటి కొత్తగా ఎర్రబడుతూ ఉంటుంది.

"అత్తయ్యా," అంది కోడలు చెప్పులు వేసుకుంటూ. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. "బాలబడి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. సోమవారం లోపల చెప్పకపోతే సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారట."

"ఇచ్చుకోనీ."

"మాటలు రాకపోయినా పర్వాలేదన్నారు కదా. కావలసింది ఏదో ఒక రకంగా అడగడం వస్తే చాలట."

"ఏ రకంగా అడుగుతుంది? అక్కడ మూతలుంటాయా? దాని మొహం చూసి ఏం కావాలో చెప్పగలిగేది ఈ లోకంలో నేనొక్కదాన్నే. పరాయివాళ్లకి ఏం తెలుస్తుంది? ముందు నోరు విప్పనీ, తర్వాత చూద్దాం."

కోడలు సంచీ భుజాన వేసుకుంది. తనూ భర్తా పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు చేరేది. పిల్లను బడికి తీసుకెళ్లడమైనా, అలవాటు పడేదాకా అక్కడ కూర్చోవడమైనా అత్తగారి చేతిలో పనే. అత్తగారు కాదంటే కాదనే. ఆ సీటు కోసం ఆ అమ్మాయి ఎన్నాళ్లు తిరిగిందో నానమ్మకు తెలుసు. తెలిసే మూతి ముడుచుకుని పాలగిన్నె మీద పళ్లెం బోర్లించింది.

ఆ మధ్యాహ్నం ఆటల టీచరు వచ్చింది. ఇలాంటి పిల్లలకు ఆటలతో నేర్పే చదువు చదివిన అమ్మాయి, వారానికోసారి వస్తుంది. బుడంకాయ ఆమె స్వాగతానికి ఒక మూత విసిరింది. తాతయ్యా నానమ్మా చెరోవైపునుంచి పరుగెత్తుకొచ్చారు. టీచరు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ కూచుంది.

"చూశారా? మూత కాదు, మీరే దానికి ఆటవస్తువులు," అంది. "ఇవాళ్టినుంచి రెండు పనులు. విసిరినప్పుడు తిట్టొద్దు, నవ్వొద్దు, పరుగెత్తొద్దు. ఎవరికీ తగలకుండా చూసుకుని ఊరుకోండి. ఇక రెండోది, అసలైనది..." అంటూ పిల్ల చెయ్యి పట్టుకుని నానమ్మ చేతి మీద రెండుసార్లు తట్టించింది. "ఇలా తడితే 'రా' అని అర్థం. తట్టిన మరుక్షణం చేతిలో ఏమున్నా పడేసి వెళ్లండి. అప్పుడు చూపించండి మీ పరుగు."

మొదటి పని ఆ ఇంటివాళ్లకు తెగ నచ్చింది.

"మొహంలో ఏమీ కనపడకుండా ఉండటం నాకొకరు నేర్పాలా?" అన్నాడు తాతయ్య. "కౌంటర్ ముందు ఎంతమంది చిందులు తొక్కినా నా కనురెప్ప కదిలేది కాదు." ఆ సాయంత్రమే హాల్లో అందరినీ వరసగా కూచోబెట్టి శిక్షణ మొదలుపెట్టాడు. తనే పళ్లెం కింద పడేస్తాడు, తనే మొహాలు తనిఖీ చేస్తాడు.

"ఒరేయ్, నీ ముక్కు కదిలింది."

"ఊపిరి పీల్చుకున్నాను నాన్నా!" అన్నాడు కొడుకు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, పగలంతా ఎత్తి దించి అలిసిపోయి వచ్చాడు.

"ఆ పీల్చేదేదో లోలోపల పీల్చుకో."

మర్నాటికి నలుగురూ బెల్లం కొట్టిన రాళ్లలా తయారయ్యారు. మూత ఎగిరితే ఉలుకూ పలుకూ లేదు. కోడలు ఇస్త్రీ ఆపదు, కొడుకు ఫోన్లోంచి తలెత్తడు. పక్కింటావిడ నిచ్చెన అడగడానికి వచ్చినప్పుడు ఒక మూత ఆవిడ చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఆవిడ కెవ్వుమంది. నాలుగు మొహాలు చెక్కుచెదరలేదు. "మీ ఇంట్లో ఏదో జరిగినట్టుంది, మళ్లీ వస్తాలే" అంటూ నిచ్చెన మాటే మర్చిపోయి వెళ్లిపోయింది. తాతయ్య పొంగిపోయాడు.

పొంగుతూ పొంగుతూ ఆదివారం పొద్దున అటక మీదున్న పెద్ద గుండిగ దింపడానికి స్టూలెక్కాడు. ఇంట్లో ఉన్న మూతల్లో సొట్ట పడనిది దాని మూతొక్కటే. అది పాలగిన్నె మీద కూర్చుంటుందని భార్యకు రుజువు చేసి తీరాలి. పాలగిన్నె ఆ మూతలో స్నానం చెయ్యొచ్చన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ధడేల్! ఖంగ్, ఖంగ్, గణగణగణ...

వంటింట్లో నానమ్మ కూరగాయలు తరుగుతోంది. చప్పుడు వినగానే మెడ బిగించి, మొహాన్ని గోడలా చేసుకుంది. 'ఇవాళ పెద్దదే విసిరింది' అనుకుంది. హాల్లో కొడుకు ఫోన్ చూస్తూనే ఉన్నాడు. ఇస్త్రీపెట్టె సాగుతూనే ఉంది.

"ఏమేవ్! ఓసారి రావే!" వెనక గదిలోంచి తాతయ్య గొంతు.

నానమ్మకు ఒళ్లు మండింది. అందరికీ పాఠాలు చెప్పిన పెద్దమనిషి తనే కరిగిపోయాడు.

"మాట్లాడకండి! మొహం గోడకు తిప్పుకోండి!"

"గోడకే ఉందే!"

"లొంగిపోకండి నాన్నా!" కొడుకు హాల్లోంచి ధైర్యం చెప్పాడు. "రెండు నిమిషాలు ఓర్చుకుంటే అదే ఊరుకుంటుంది!"

"ఊరుకోవడం లేదురా, నొప్పిగా ఉంది!"

"కరిచిందేమో," అంది కోడలు. "మామయ్యగారూ, చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకోండి! మొహంలో మాత్రం ఏమీ చూపించకండి!"

"చెయ్యి కాదమ్మా, కాలు!"

"కాలు కూడా కరుస్తోందా!"

అప్పుడు నానమ్మ ఎడమచేతి మీద ఏదో తగిలింది. తప్. తప్.

పక్కన బుడంకాయ. నానమ్మ అలవాటుగా మొహం బిగించే ఉంచి, కత్తిపీటను మాత్రం అవతలికి జరిపి, సొరకాయ వైపు చూసింది. తప్, తప్. ఈసారి ఇంకాస్త గట్టిగా. పిల్ల చేతిలో మూత లేదు. కొరకడం లేదు. వెనక గది వైపు చూస్తోంది, మళ్లీ నానమ్మ మొహంలోకి చూస్తోంది.

పిల్ల ఇక్కడుంటే అక్కడ చప్పుడు చేసిందెవరు?

నానమ్మ ఆ వయసులో అలా పరుగెత్తగలదని ఆమెకే తెలియదు. ముందు బుడంకాయ, వెనక నానమ్మ. గదిలో స్టూలు వెల్లకిలా ఉంది. తాతయ్యా వెల్లకిలాగే, మొహం గోడవైపు తిరిగి పడున్నాడు. ఒక కాలు గుండిగలో ఉంది. సొట్టలేని మూత ఆయన పొట్టమీద బోర్లా పడి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పైకి లేస్తోంది. బుడంకాయ వెళ్లి దాన్ని తీసి, తలకిందులు చేసి చూసి, విసరకుండా పక్కన పెట్టింది.

"ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నారు," అన్నాడు తాతయ్య గోడతో. "గొంతు చించుకుని అరిచాను. ఒక్కరు రాలేదు."

"మీరే కదా నేర్పించారు!"

"అంత బాగా నేర్చుకోమని ఎవడు చెప్పాడు?"

చీలమండ బెణికింది, అంతకుమించి ఏమీ లేదు. కొడుకు కాలిని గుండిగలోంచి లాగాడు. కోడలు ఐసుముక్కలు గుడ్డలో చుట్టి కట్టింది. ఇద్దరూ నవ్వు ఆపుకోవడానికి నేర్చుకున్న విద్యనంతా వాడుకున్నారు.

నానమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తన ఎడమచెయ్యి చూసుకుంటూ నిలబడింది. నిన్న గిన్నెలు తోముతుంటే ఈ చేతి మీదే బుడంకాయ తప్, తప్ అని తట్టింది. ఈ పొద్దున పాలు కాస్తుంటే కూడా తట్టింది. టీచరు చెప్పినవి రెండు పనులు. గోడల్లా నిలబడే సంబరంలో రెండోదాన్ని నలుగురూ మర్చిపోయారు. తట్టినా గోడలే, విసిరినా గోడలే. పాపం, అది మళ్లీ మూతలే పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది?

మధ్యాహ్నం భోజనాలకు కూచున్నారు. తాతయ్య కట్టుకట్టిన కాలిని ఎదుటి కుర్చీ మీద పెట్టుకున్నాడు, అందుకని కొడుకు నిలబడి తింటున్నాడు. బుడంకాయ పళ్లెంలో అన్నం అయిపోయింది. పిల్ల చూపు పెరుగు గిన్నె మీద పడింది, దాని మూత మీద పడింది. చెయ్యి మూతవైపు సాగింది. నలుగురూ ఊపిరి లోలోపల పీల్చుకున్నారు.

చెయ్యి సగం దారిలో ఆగింది. పక్కకు తిరిగింది. నానమ్మ చేతి మీద తప్, తప్.

నానమ్మ ఎంత వేగంగా లేచిందంటే కుర్చీ వెనక్కి పడింది. కొడుకూ లేవబోయి తను నిలబడే ఉన్నానని గుర్తు తెచ్చుకున్నాడు. కోడలు పెరుగు గిన్నెనే ఎత్తి పిల్ల ముందు పెట్టేసింది. తాతయ్య ఒంటికాలి మీద లేచి గరిటె అందించి, "అమ్మో" అని మళ్లీ కూలబడ్డాడు. బుడంకాయ ఆ హడావిడినంతా తీరిగ్గా చూసి, గిన్నెలో చెయ్యి పెట్టి, కిచకిచ నవ్వింది. ఇంత చవగ్గా ఇంతమంది లేస్తారని దానికి ఇన్నాళ్లూ తెలియలేదు.

నానమ్మ కుర్చీ ఎత్తి నిలబెట్టి కూచుంది. ఏమీ జరగనంత నిదానంగా అంది:

"బాలబడి వాళ్లకి ఫోన్ చెయ్యమ్మా. రేపే వస్తున్నామని చెప్పు."

కోడలి చేతిలో ముద్ద ఆగిపోయింది. "పరాయివాళ్లకి తెలియదన్నారు కదా అత్తయ్యా?"

"నిన్నటినుంచి చెయ్యి తడుతుంటే సొంత నానమ్మకే తెలియలేదు. ఇక పరాయివాళ్లనేం అంటాను? వాళ్లకి ఆ తట్టుడు ఒక్కటి చెప్తే చాలు. అది అలవాటు పడేదాకా నేనూ అక్కడే కూచుంటాను."

"మరి నా సంగతి?" అన్నాడు తాతయ్య. "కాలు కదలని మనిషిని. మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు?"

"గిన్నెలన్నీ మీ చేతికందేట్టు పెట్టి వెళ్తాను. ఏ మూత ఏ గిన్నెదో నేనొచ్చేలోగా తేల్చి ఉంచండి."