కాలువకు అడ్డం

బంగారం తీసే ఆ ఫ్యాక్టరీలో అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉద్యోగాలున్నాయి గానీ, ఇద్దరి మధ్యా మాటల్లేవు. చెల్లెల్ని తన మరిదికి చేసుకుందామని అక్క అత్తవారింట్లో మాటిచ్చేసింది. చెల్లెలేమో అందరి ముందూ "నాకొద్దు" అని కుండబద్దలు కొట్టింది. అంతే, ఆ రోజునుంచి ఉప్పూ నిప్పూ అయిపోయారు.

మధ్యలో నలిగిపోయింది ఫోర్‌మన్. గొంతు పెద్దదని అందరూ ఆయన్ను ఉరుము మామ అంటారు.

"ఆవిడగారితో చెప్పు మామా, బొగ్గు పంపానని," అనేది చెల్లెలు.

"ఆవిడగారు నీ మోచేతి దూరంలోనే ఉన్నారు తల్లీ! నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా?" అని ఆయన ఉరిమేవాడు.

చెల్లెలిది ట్యాంకుల దగ్గర పని. రాయిని పిండి చేసి, నీళ్ళు, సున్నం, సయనైడ్ కలిపి తిప్పితే, రాతిలోని బంగారం కరిగి నీళ్ళలోకి దిగుతుంది. ఆ బంగారాన్ని బొగ్గు పట్టుకుంటుంది. బొగ్గు మీద పేరుకున్న తెల్లటి పెచ్చును యాసిడ్‌తో కడగడం పక్క షెడ్డులో అక్క పని. సున్నం తోడున్నంతసేపూ సయనైడ్ బుద్ధిగా నీళ్ళలోనే ఉంటుంది. యాసిడ్ తగిలిందా, విషవాయువై పైకి లేస్తుంది. దాని వాసన కొందరి ముక్కులకు అసలు తెలియదు. అక్క ముక్కు అలాంటిదే.

రెండు షెడ్ల కాలువలూ అక్క షెడ్డులో ఉన్న ఒకే గుంటలోకి దిగుతాయి. రెండూ కలవకుండా మధ్యలో ఇనుప పలక ఒకటి ఉండేది. తుప్పు పట్టిందని తీసేశారు, కొత్తది ఇంకా రాలేదు. పలక వచ్చేదాకా, చెల్లెలి వైపు కాలువ పొడిగా ఉంటేనే అక్క యాసిడ్ వదలాలని ఒప్పందం.

ఆ రోజు పొద్దున ట్యాంకు అంచునున్న జల్లెడకు చినిగిన గోనె పేలిక అడ్డం పడి, బూడిదరంగు బురద ఒక్కసారిగా పొర్లింది. చెల్లెలు పరుగున వెళ్ళి పంపు ఆపింది. అప్పటికే పొర్లిన బురద మెట్లమీదుగా జారి కాలువలో పడి, గుంట వైపు పాకుతోంది. అక్క యాసిడ్ వదిలే వేళ అదే.

గ్లవ్ లాగి పారేసి అక్కకు ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి కట్టయింది. మళ్ళీ చేసింది. ఈసారి మోగీ మోగకముందే కట్టయింది.

"ఎత్తవే మొండిదానా!" అని అరిచి, వాకీటాకీ అందుకుంది. "మామా! సయనైడ్ పొర్లింది, గుంటలోకి పోతోంది. అక్క ఫోనెత్తట్లేదు. సైరన్ కొట్టు!"

సైరన్ మోగింది. ఎక్కడివాళ్ళక్కడ పనులొదిలేసి గేటు దగ్గరి ఖాళీ స్థలానికి పరుగులు తీశారు. చెల్లెలూ అక్కడికి చేరి ఒక్కొక్క ముఖమే వెతికింది. అక్క లేదు.

వెనక్కి తిరిగి పరిగెత్తబోతుంటే ఉరుము మామ రెక్క పట్టుకున్నాడు.

"మాస్కు లేకుండా అడుగేశావంటే కాళ్ళు విరగ్గొడతా! ముందు అది తగిలించు. నేనూ వస్తున్నా."

గాలి సిలిండర్లు వీపుకెత్తుకుని ఇద్దరూ యాసిడ్ షెడ్డులోకి దూరారు. మాస్కులో తన ఊపిరి చప్పుడు తనకే భయం పుట్టించేలా వినిపిస్తోంది చెల్లెలికి. ఛాతీ మీది గ్యాస్ మీటరు కీచుమంటూ మోగడం మొదలెట్టింది.

గుంట దగ్గర అక్క ఒంగి ఉంది. చెల్లెలి వైపునుంచి వచ్చే కాలువకు అడ్డంగా సున్నం బస్తాలు పేరుస్తోంది. ముఖానికి యాసిడ్ ఆవిరికి వాడే చిన్న మాస్కు తప్ప ఇంకేమీ లేదు. ఈ గ్యాసుకు అది వరదకు గొడుగు అడ్డం పెట్టడమే. బస్తాల వెనక బురద మడుగు కట్టింది. ఒక సన్నటి ధార మాత్రం సందులోంచి దూరి గుంటలో పడుతోంది.

"అక్కా! లే! పద!"

అక్క తలెత్తింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "సైరన్ వినగానే వాల్వు కట్టేశానే... అప్పటికే సగం యాసిడ్ గుంటలో పడింది. ఇదీ పడితే..."

"నువ్వు ముందు బయటికి రా!"

"ఇంకొక్క బస్తా బుల్లీ. ఒక్కటే."

బస్తా ఎత్తబోయి, దాని మీదే కూలబడింది. తర్వాత పక్కకు ఒరిగిపోయింది.

ఉరుము మామ ఆ బస్తాను కాలితో సందులోకి నెట్టాడు. ధార ఆగింది. ఇద్దరూ అక్కను చెరో చంక కింద చెయ్యేసి ఈడ్చుకొచ్చారు. బరువెక్కిన ఆ తల భుజం మీద వాలి అటూ ఇటూ ఊగుతుంటే, చెల్లెలు రెండో చేత్తో దాన్ని పట్టుకుని నడిచింది.

బయట నర్సు సిద్ధంగా ఉంది. సున్నం, బురద అంటిన బట్టలు తీసేసి, దుప్పటి కప్పి, ఆక్సిజన్ పెట్టి, నరానికి విరుగుడు మందు ఎక్కించింది. అక్క పెదవులు కదలలేదు. "పలకవే, తిట్టైనా తిట్టు" అని చెల్లెలు అరచేతులు రుద్దుతూనే ఉంది. ఎట్టకేలకు అక్క దగ్గింది. ఉరుము మామ నేలమీద చతికిలబడి, జన్మలో మొదటిసారి గుసగుసగా, "హమ్మయ్య" అన్నాడు.

సాయంత్రానికి ఆసుపత్రిలో అక్కకు మాట బాగా వచ్చింది.

"అందరూ బయటికొచ్చారు కదా, నువ్వెందుకు ఉండిపోయావు?" అని చెల్లెలు నిలదీసింది.

"గాలి గేటు వైపే వీస్తోంది. జనమంతా చేరేది అక్కడికే కదా. నువ్వూ అక్కడికే కదా వచ్చేది." తర్వాత తనే అడిగింది. "రెండుసార్లు ఫోన్ చేశావేం?"

"యాసిడ్ వదలొద్దని చెబుదామని."

"క్షమాపణ అడగడానికేమో అనుకున్నా. అంత సులువుగా దొరకనని కట్ చేశా."

"అడిగేదాన్ని కాదు."

"తెలుసు."

అక్క నవ్వబోయి దగ్గింది. చెల్లెలు లేపి కూర్చోబెట్టి నీళ్ళు పట్టింది. రెండు గుక్కలు తాగి, అక్క నెమ్మదిగా మొదలెట్టింది. "మా మరిది విషయం..."

"అక్కా!"

"పూర్తిగా వినవే. వాడికి నేనే చెప్తాలే, వేరే సంబంధం చూసుకోమని."

చెల్లెలు గ్లాసు పక్కన పెట్టి, అక్కను పడుకోబెట్టి దుప్పటి కప్పింది. అక్క నిద్రపోయిందని రూఢి అయ్యాక, అప్పుడు ఏడ్చింది.