కొయ్య రింగు మీది తోడు

టోరున్ ఇచ్చిన ఒప్పందం కాగితంలో నా పేరు పక్కన ‘బీరు తయారీదారు’ అని ఉంది. నా కూతురు ఓసా కడుపులో పడగానే చదువు సగంలో ఆపేసినదాన్ని. నా పేరు పక్కన ఎవరైనా ఏదైనా రాయడం అదే మొదలు. ఆ మాట చూసుకోడానికే రోజుకు నాలుగుసార్లు ఆ కాగితం బయటికి తీసేదాన్ని.

టోరున్‌కి వోస్ పట్నంలో సరస్సు ఒడ్డున హోటలుంది. ఓసా నామకరణం విందులో మా ఇంటి బీరు తాగి, “ఇది హోటల్లో అమ్ముదాం. షెడ్డు నేను కట్టిస్తా, అనుమతుల సంగతి నేను చూసుకుంటా, కాచడం నీ వంతు బ్రీటా” అంది.

“నువ్వేమంటావ్?” అని మా ఆయన షూర్‌ని అడిగాను.

“కాచేది నువ్వు. నేను తాగేవాణ్ణి. నన్నడుగుతావేం?”

“పిల్లకింకా తొమ్మిది నెలలే. నేను షెడ్డులో ఉంటే దానికి జ్వరమొస్తే? బీరు చెడిపోతే?”

“ఆకాశం ఊడిపడితే? అదొకటి మర్చిపోయావ్.”

ఆయన నవ్వాడు గానీ నాకు నిద్ర పట్టేది కాదు. కాగితం చివర ఒక లైనుంది: ఈ తోడు ఇకమీద ఎవరికీ ఇవ్వకూడదు.

తోడు అంటే మా అత్తగారు మార్తా నాకు వదిలివెళ్లింది. బీరు పులిశాక అడుగున మిగిలే చిక్కటి మడ్డిని కొయ్య రింగుకి పూసి, ఎండబెట్టి, అటక మీద వేలాడదీస్తాం. మళ్లీ కాచినప్పుడు కొంత విరిచి వేస్తాం. ఎవరి తోడు పాడైనా పక్కింటికి వెళ్లి అడగడమే. లేదన్నవాళ్లు ఈ లోయలో లేరు.

పోయిన ఆకురాలు కాలంలో మార్తా ఆడపడుచు, పక్క పొలం గూరో అత్త తోడు పుల్లబడితే, సగం రింగు నేనే ఇచ్చాను. ఆ లైను చదివాక భయమేసి, సంతకమైనా పెట్టకుండానే వెళ్లి, “నేనిచ్చింది ఇంకెవరికీ ఇవ్వకత్తా” అని చెప్పొచ్చాను. ఆవిడ నా చేతిలో ఒక పెద్ద రొట్టె పెట్టి పంపించింది.

శనివారం వచ్చి రుచి చూస్తాను, ఈసారి నాలుగింతలు కాయమంది టోరున్. పెద్ద డేగిసా అరువు తెచ్చాను. మాల్టు, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, వేడినీళ్లలో నానబెట్టి, జునిపర్ చెట్టు కొమ్మల మీదుగా రసం వడగట్టేసరికి మధ్యాహ్నమైంది. పళ్లొస్తున్న ఓసా పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయింది. దాని స్నానం నీళ్లు చూసినట్టే రసం చల్లారిందో లేదోనని డేగిసా అంచున మోచెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా సరిగ్గానే ఉంది. ఉన్న తోడంతా వేసేశాను. తోడు వేసేటప్పుడు గట్టిగా అరవాలి, లేకపోతే బీరుకి ఊపు రాదంటారు. పిల్ల లేస్తుందని గుసగుసగా అరిచాను.

సాయంత్రానికి నురగ రాలేదు. డేగిసాకి చెవి ఆనించాను. చప్పుడు లేదు. గరిటె వేసి తిప్పితే నడిమధ్య రసం ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉంది. తోడు ఉడికిపోయింది. అటక మీద ఉత్త కొయ్య రింగు వేలాడుతోంది. మార్తా పోయిన రోజు ఏడ్చినట్టే ఏడ్చాను.

“గూరో అత్త దగ్గరుందిగా” అన్నాడు షూర్.

“ఏ మొహం పెట్టుకుని అడగను?”

“ఉన్న ఆ ఒక్క మొహమే పెట్టుకుని వెళ్లు.”

పొద్దున్నే ఓసాని మంచు మీద లాగే స్లెడ్జి బండిలో పెట్టుకుని వెళ్లాను. గూరో అత్త అంతా విని, నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఎవరికీ ఇవ్వద్దన్నావుగా. నీకివ్వొచ్చా మరి?”

నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

“ఏడవకు పిల్లా! నా పెళ్లయిన ఏడు నేనూ ఉడకబెట్టాను. అప్పుడు మార్తా ఇచ్చింది. అంతకుముందు మార్తాకి మా అమ్మ ఇచ్చింది. ఇంటికొకటి ఉంది కాబట్టే బతికింది. ఒక్కచోటే ఉంటే దాన్ని చంపడానికి నీలాంటి మహాతల్లి ఒక్కతి చాలదూ?”

అటక మీంచి తోడున్న గుడ్డసంచి దించింది. సంచికి కట్టిన చీటీ మీద ఆవిడ వంకర రాతలో ‘బ్రీటా తోడు’ అని ఉంది. ఎవరిచ్చారో వాళ్ల పేరే రాస్తారట. నేను ఎంతసేపు చూశానో, “చదవడం రాదా ఏం?” అంది.

ఈసారి మా పాత గిన్నెలోనే కాచాను. గూరో అత్త ఓసాని ఎత్తుకుంది. రసం అడుగుదాకా కలిపి మోచెయ్యి పెట్టి చూసి, తోడు వేసి, ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. ఓసా మాకంటే గట్టిగా అరిచింది. సాయంత్రానికి గిన్నె మూత ఎగిరేంత నురగ వచ్చింది.

శనివారం చుట్టుపక్కల వాళ్లంతా రుచి చూడ్డానికొచ్చారు. టోరున్ రెండు గ్లాసులు తాగి, సంతకం పెట్టిన కాగితం ఇమ్మంది.

“చివరి లైను కొట్టేస్తే సంతకం పెడతాను” అన్నాను.

“అది లేకపోతే ఎలా బ్రీటా? ఎవరైనా ఇదే కాచి అమ్ముకుంటారు!”

“కాచుకోనీ. వాళ్ల దగ్గర ఉండబట్టే ఇవాళ నువ్వు తాగావు.”

“హోటల్లో నా భాగస్వాములు ఒప్పుకోరు.”

“అయితే వద్దు. నువ్వు మాత్రం కాచిన ప్రతిసారీ రా, డబ్బులక్కర్లేదు.”

టోరున్ “మొండిదానివి. అడిగి చూస్తాలే” అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ‘బీరు తయారీదారు’ అన్న మాట కూడా దాంతోపాటే వెళ్లింది. మనసు చివుక్కుమంది, లేదనను.

గిన్నె అడుగున మడ్డి రింగుకి పూసి, ఎండబెట్టి, అటకెక్కి కట్టాను. చీటీ మీద ‘గూరో తోడు’ అని రాశాను. ఒక ముక్క మాత్రం విడిగా గుడ్డలో కట్టిపెట్టాను, ఎవరైనా అడిగితే ఇవ్వడానికి.